నాలుగు లెక్కల ఖాళీ

టెర్రె హోట్, ఇండియానా
జూన్ 19

అన్నయ్యా,

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర అందింది. మన ఆచారం మరిచిపోలేదుగా? ఉత్తరం వచ్చినవాళ్లు అందరి ముందూ పది దండీలు తీయాలి. నువ్వు రాసిందేమో అర పేజీ. అర పేజీకి పది దండీలంటే గిట్టుబాటు కాదు. ఈసారి కాస్త పొడుగ్గా రాయి.

మన గ్రే హెరన్స్ డ్రమ్ము-బ్యూగిల్ జట్టులో అంతా నువ్వున్నప్పటిలాగే ఉంది. నూట ఇరవై ఎనిమిది మందిమి, మూడు బస్సులు, రోజుకో ఊరు, ఏదో ఒక హైస్కూలు జిమ్ నేల మీద పడక. పొద్దుటి నుంచి ఎండలో సాధన, సాయంత్రం పోటీ, మళ్లీ బస్సు. వంట బండిలో పౌలీన్ అత్త ఇంకా అందరినీ తిడుతూనే వడ్డిస్తోంది. నిన్న నన్ను పట్టుకుని, "ఏమే, డ్రమ్ మేజర్‌ని అయ్యానని తిండి మానేశావా? చేతులు చూడు, చీపురు పుల్లలు! ఇంతమంది వాటిని చూసి వాయించాలా?" అంది.

ఆ చేతుల గురించే రాయాలి.

ఈ ఏడు మన ప్రదర్శనలో ఒక ఘట్టం ఉంది. దాన్ని అందరం కత్తెర అంటున్నాం. బ్యూగిల్ బాకాల వరస ముందుకు వస్తుంది. డ్రమ్ముల వరస వెనక్కి నడుస్తూ, తల తిప్పకుండా, దాని సందుల్లోంచి దూరిపోతుంది. సరిగ్గా అప్పుడే జెండాల జట్టు అమ్మాయిలు ఉక్కు కత్తులు పైకి విసిరి, వాళ్లు దాటిపోయాక మిగిలిన ఖాళీలో పట్టుకుంటారు. మైదానంలో ఎవరికి గుర్తుపెట్టిన చుక్క మీద వాళ్లు సమయానికి ఉంటే ఎవరికీ ఏమీ కాదు. రెండు లెక్కలు, అంటే రెండు తాళం దెబ్బలు, తప్పితే మాత్రం కత్తి పడేది ఖాళీలో కాదు, తల మీద.

మొన్న సాధనలో కత్తెర మొదలవుతుండగా నాకు నాలుగు లెక్కలు మాయమయ్యాయి. కళ్లు తిరగలేదు, పడిపోలేదు. నోట్లో రాగి నాణెం పెట్టుకున్నట్టు రుచి తగిలింది, అంతే. తర్వాత చూస్తే మైదానం ఇంకోలా ఉంది. బ్యూగిళ్లు ఆగిపోయాయి, డ్రమ్ములు వచ్చి వాటి మధ్య ఇరుక్కున్నాయి. పన్నెండు అడుగుల మంచె మీద తాళం చూపించాల్సిన నా చేతులు లేచినవి లేచినట్టే ఉన్నాయి. అదృష్టం బాగుండి ఆ పూట అమ్మాయిలు కత్తులు తీసుకురాలేదు.

మన డ్రిల్లు మాస్టరు విక్టర్ తిన్నగా డ్రమ్ములవాళ్ల మీదికి వెళ్లాడు. "చెవుల్ని నమ్మొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలిరా మీకు? ఆ చివరి చప్పుడు ఈ చివరికి ఆలస్యంగా వస్తుంది. చేతుల్ని చూడండి! చేతులు ఆగితే ఆగండి, చేతులు చావమంటే చావండి!" అని అరిచి, అందరినీ మైదానం చుట్టూ ఐదు చుట్లు పరిగెత్తించాడు.

నిజానికి డ్రమ్ములవాళ్లే లెక్కలో ఉన్నారన్నయ్యా. నేను నోరు మెదపలేదు.

ఎండే అయి ఉంటుంది కదూ? అమ్మకు చెప్పకు.

నీ రెనీ


స్టీవెన్స్ పాయింట్, విస్కాన్సిన్
జూన్ 26

ఒసే రెనీ,

పొడుగ్గా రాయమన్నావు. రోజంతా కాగితం మిల్లులో కాగితంతో కుస్తీ పట్టేవాడికి ఇంటికొచ్చాక మళ్లీ కాగితమంటే వెగటు. అయినా నీ దండీల మీద జాలితో రాస్తున్నాను.

ఎండే. ఇంకేముంటుంది? నా ఆరేళ్లలో ఎంతమంది మైదానంలో కూలబడలేదు! ఉప్పు వేసుకుని నీళ్లు తాగు. పౌలీన్ అత్త పెట్టింది పెట్టినట్టు తిను. బస్సులో కబుర్లు కట్టిపెట్టి కళ్లు మూసుకో.

అమ్మ చర్చి తిరునాళ్ల కోసం నాలుగు వందల పియెరోగీ కుడుములు చేస్తోంది. వంటిల్లంతా పిండి. పక్కింటి స్టాషెక్ మామ వచ్చి రుచి చూస్తానంటూ పదకొండు మింగాడు. నేను మిల్లుకు నడిచే వెళ్తున్నాను. పికప్ ట్రక్కు అమ్మినప్పటి నుంచి నడక బాగా అలవాటైంది. పొట్ట తగ్గిందని అమ్మ మురిసిపోతోంది.

ఒక మాట. ఆ రాగి రుచి వచ్చే ముందు చప్పుళ్లు దూరంగా జరిగినట్టు అనిపించిందా? నిద్ర చాలని రోజే వచ్చిందా? అప్పుడు నీ ఎడమ చేతి బొటనవేలు చూపుడు వేలిని రుద్దుతోందని ఎవరైనా చెప్పారా? ఊరికే అడుగుతున్నాను, పిచ్చి ప్రశ్నలు. పట్టించుకోకు.

ఎండ మరీ ఎక్కువైన రోజు సాధన నీ కింద ఉన్న కార్లాకు అప్పగించు. చిన్నతనమేమీ కాదు.

నీ అన్న
లెన్


లైమా, ఒహాయో
జూలై 6

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు ఒళ్లంతా చల్లబడిపోతోంది.

బొటనవేలి సంగతి నేను రాయలేదు. అది నాకే తెలియదు. నిన్న పొద్దున వంట బండి దగ్గర పాలు పోసుకుంటూ ఉండిపోయానట. గ్లాసు నిండి, పాలు బల్ల మీదికి, బల్ల మీంచి నా బూట్ల మీదికి పోయాయి. పౌలీన్ అత్త, "అమ్మాయ్! ఓ అమ్మాయ్! పాలు ఊళ్లోవాళ్లందరికీ పోస్తావా ఏంటి?" అని అరిచిందట. నాకు వినపడలేదు. మళ్లీ లోకంలోకి వచ్చేసరికి ఆమె నా ఎడమ చెయ్యి పట్టుకుని ఉంది. "ఈ వేళ్లేంటే ఇట్లా నలుపుకుంటున్నావు, ఉన్నిదారం పేనినట్టు?" అని అడిగింది. ఆమె మొహంలో వేళాకోళం లేదు.

నీకెలా తెలుసు?

ఇంకో సంగతి. మొన్నటి ఊళ్లో పోటీలో కత్తెర దగ్గర నేను కాస్త జారాను. రెండు లెక్కలే. జనానికి తెలియలేదు. మోనిక్ విసిరిన కత్తి మాత్రం పెద్ద బ్యూగిల్ మోసే పిల్లాడి భుజం మీద పడింది. మొద్దు అంచే, అయినా ఐదు కుట్లు పడ్డాయి. నాలుగు అంగుళాలు ఇటు పడి ఉంటే కన్ను పోయేది. మోనిక్ తొందరపడి ముందే విసిరిందని విక్టర్ తేల్చేశాడు. ఆ పిల్ల రెండు రోజులుగా ఏడుస్తూ, అరచేతులు పగిలేదాకా ఒంటరిగా కత్తి విసురుకుంటూ ఉంది. "నా లెక్క సరిగ్గానే ఉందనిపించింది రెనాటా, ఎట్లా తప్పిందో అర్థం కావట్లేదు" అంది నాతో. నాతో!

మంచె నిచ్చెన మీద కాలు పెట్టే ముందు మెట్లు లెక్కపెట్టుకుంటున్నాను. కింద అందరూ నా చేతులకేసి చూస్తుంటారు. విక్టర్ పుణ్యమా అని ఇప్పుడు డ్రమ్ములవాళ్లు కూడా చెవులు మూసేసుకున్నారు. ఇదివరకు నేను ఆగితే వాళ్లన్నా ఆగేవారు కాదు. ఇప్పుడు నేను ఏ గోతిలోకి చూపిస్తే అందులోకే నడుస్తారు. నా చేతులంటే నాకే భయమేస్తోంది.

నాకేం జరుగుతోందో నీకు తెలుసు. దాచకు.

రెనీ


స్టీవెన్స్ పాయింట్
జూలై 12

రెనీ,

మంచె దిగు. జ్వరమని చెప్పు, చెయ్యి బెణికిందని చెప్పు, నీ ఇష్టం. ఈ ఉత్తరం అందిన రోజే దిగు. ఎందుకని అడగకు.

లెన్


వీలింగ్, వెస్ట్ వర్జీనియా
జూలై 18

అన్నయ్యా,

నాలుగు ముక్కలు రాసి పారేశావు. దానికీ పది దండీలు తీశాను.

ఎందుకని అడగకూడదా? ఇది నా ఆఖరి వేసవి. డిసెంబరులో ఇరవై ఒకటి నిండితే ఇక ఈ యూనిఫాం తొడుక్కోనివ్వరు. పద్నాలుగో ఏట నీ వెనకాల వచ్చి చేరాను. ఏడేళ్లు ఆ మంచె వైపు చూస్తూ నడిచాను. ఫైనల్స్ ఇంకా నెల కూడా లేవు. కార్లా మంచి పిల్లే కానీ కత్తెర దగ్గర దానికి చెమటలు పడతాయి. మా మార్కులు ఇప్పటికే పడిపోతున్నాయి. కారణం లేకుండా దిగి, "మా అన్న ఉత్తరం రాశాడు" అని చెప్పనా?

నువ్వు నీ ఆఖరి వేసవి ఆఖరి రోజు దాకా నిలబడ్డావు. నీ పతకం ముందుగదిలో అమ్మ వేలాడదీసింది. నన్ను మాత్రం నోరు మూసుకుని దిగమంటావు.

పోనీ, చెప్పేసి దిగుదామని రెండుసార్లు డైరెక్టరు ఆర్లీన్ గారి దాకా వెళ్లాను. రెండుసార్లూ ఆమె, "ఏమ్మా, అంతా బాగానే ఉందా?" అంది. "ఆఁ" అని వచ్చేశాను. చెబితే ఆ పిల్లాడి కుట్ల లెక్కా నేనే చెప్పుకోవాలి, డ్రమ్ములవాళ్ల పరుగుల లెక్కా నేనే చెప్పుకోవాలి. రోజు రోజుకూ బరువు పెరుగుతోంది, నోరు ఇంకా పెగలడం లేదు. మోనిక్‌ను ఇంటికి పంపించేస్తారని అనుకుంటున్నారు. రెండేళ్ల కిందట డ్వేన్ హ్యూబర్‌ను పంపించలేదూ, అలాగే.

అన్నట్టు, ఆగస్టు ఒకటిన మా పోటీ డ్వేన్ వాళ్ల ఊళ్లోనే, అలెన్‌టౌన్‌లో. నిరుడు అక్కడి పోటీ రోజు వచ్చి పౌలీన్ అత్తకు గిన్నెలు తోమిపెట్టి పోయాడట, ఈసారీ వస్తానన్నాడట. నీ మీదికి వచ్చి గుద్దుకుని పళ్లు రాలగొట్టుకున్నాడు, జట్టులోంచి పోయాడు, అయినా వస్తాడు. నాకైతే అతన్ని తలుచుకుంటే భయంగా ఉంది. రేపు మోనిక్ కూడా అలాగే ఏ వంట బండి దగ్గరో నిలబడుతుంది, తను చెయ్యని తప్పుకి.

కారణం రాయి. రాస్తేనే దిగుతాను.

రెనీ


స్టీవెన్స్ పాయింట్
జూలై 23

రెనీ,

ఈ ఉత్తరం ఐదుసార్లు మొదలుపెట్టి చించేశాను. అమ్మ చెత్తబుట్ట చూసి, "ఏ అమ్మాయికిరా?" అని నవ్వింది.

నీకున్నది నాకూ ఉంది. మూర్ఛ. మూర్ఛంటే నురగలు కక్కుతూ పడిపోవడమే అనుకుంటాం. కొందరికి ఇలా నాలుగు క్షణాలు ఎవరో కత్తిరించి పట్టుకుపోయినట్టు పోతాయి. రాగి రుచి, దూరమయ్యే చప్పుడు, బొటనవేలు. ఏడాదిన్నర కిందట డాక్టరు చెప్పాడు. రోజుకు మూడు మాత్రలు వేసుకుంటున్నాను. పికప్ నడక కోసం అమ్మలేదు. బండి నడపొద్దన్నాడు. అమ్మకు ఇప్పటికీ తెలియదు.

ఇంతవరకైతే నీకు మొదటి ఉత్తరంలోనే రాసేవాణ్ణి. రాయలేకపోయింది ఇంకోటి ఉంది.

రెండేళ్ల కిందట సెమీఫైనల్లో డ్వేన్ నన్ను గుద్దుకోలేదు. నేనే అతన్ని గుద్దాను.

నేను స్నేర్ డ్రమ్ము మెడకు తగిలించుకుని ఎడమకు తిరగాల్సిన చోటు అది. నోట్లో రాగి రుచి వచ్చింది. తర్వాత నాకు తెలిసింది ఒక దెబ్బ, ఒక అరుపు. తిరగాల్సినవాణ్ణి తిరగకుండా తిన్నగా నడిచాను. నా డ్రమ్ము అంచు అతని బ్యూగిల్‌ను నోట్లోకి కొట్టింది. విక్టర్ నూరిపోసిన మాట నీకూ తెలుసు: "గుద్దుకున్నా సరే, పడ్డా సరే, ముందు నీ చుక్క మీదికి పో, ఏడవడం తర్వాత." నా కాళ్లు ఆ మాట విన్నాయి. బుర్ర తేరుకునే లోపలే నేను రెండడుగులు వెనక్కి వెళ్లి నా చుక్క మీద నిలబడి వాయిస్తున్నాను. డ్వేన్ మాత్రం నేను తోసిన చోట, తన చుక్కకు అవతల, నోరు పట్టుకుని పడి ఉన్నాడు. చూసినవాళ్లకు ఎవరు గీత తప్పారని అనిపిస్తుంది? వీడియోలో ఆ క్షణానికి ఒక జెండా అడ్డం వచ్చింది.

విక్టర్ అడిగాడు, "లెన్, నువ్వు నీ చుక్క మీదే ఉన్నావా?" అని. ఉన్నాను అన్నాను. అప్పటికి ఉన్నాను కదా. ఆ ఒక్క మాట చాలింది. నాకు అప్పుడే తెలుసు, రెనీ. డాక్టరు చెప్పేదాకా తెలియదని నీకు అబద్ధం రాద్దామనుకున్నాను. జబ్బు పేరు తెలియదు కానీ, తప్పు ఎవరిదో తెలుసు.

డ్వేన్‌కు ముందు పళ్లు పోయాయి, పెదవి చీలింది. ఇక బ్యూగిల్ ఊదలేడు. ఇంకా రెండు వేసవులు ఉన్న పిల్లాడు. ఫైనల్స్‌లో అతని చోటు పూడ్చడానికి వీల్లేక ఖాళీగానే వదిలేశారు. ఆ ఖాళీ నా పక్కనే నడిచింది, పదకొండున్నర నిమిషాలూ. అమ్మ వేలాడదీసిన పతకం ఆ ప్రదర్శనకు ఇచ్చిందే.

నువ్వు మోనిక్ గురించి రాసిన ప్రతి వాక్యం నా గురించే. నేను నోరు మూసుకుంటే ఒకడికి పళ్లు పోయాయి. నీ చేతుల కింద నూట ఇరవై ఏడు మంది ఉన్నారు. దిగు. నన్ను తిట్టుకో, ఉత్తరాలు మానెయ్యి, కానీ దిగు. ఇది నీకు ఏ రోజు అందుతుందో, ఆ లోపల ఎన్నిసార్లు మంచె ఎక్కుతావో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఐదుసార్లు. నాకు నిద్ర పట్టడం లేదు.

లెన్


అలెన్‌టౌన్, పెన్సిల్వేనియా
ఆగస్టు 2

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇరవై ఎనిమిదిన అందింది. స్టేడియం మెట్ల కింద కూర్చుని చదివాను. నిన్ను ఏమేం తిట్టానో రాయను.

నిజం చెబుతున్నాను, చదివాక కూడా ఆ సాయంత్రం మంచె ఎక్కాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అనుకున్నాను. పదకొండున్నర నిమిషాలూ, ఇప్పుడు వస్తుంది, ఇదిగో ఇప్పుడు వస్తుంది, అనుకుంటూ చేతులు ఆడించాను. కత్తెర దగ్గర కత్తులు లేచినప్పుడు నా గుండె ఆగిపోయింది. ఏమీ కాలేదు. కిందికి దిగి నిచ్చెన పక్కనే కక్కుకున్నాను. మర్నాడు పొద్దున సాధనకు ముందు అందరూ గుండ్రంగా నిలబడినప్పుడు చెప్పేశాను. కుట్లు ఎవరివల్ల, పరుగులు ఎవరివల్ల, అన్నీ.

డ్రమ్ముల నాయకుడు గస్ ఉన్నాడే, వాడు, "అయితే మా ఐదు చుట్లు నువ్వు బాకీ. ఇప్పుడే తిరుగు. పరిగెత్తొద్దులే, నడువు. మధ్యలో ఎక్కడన్నా ఆగిపోతావేమో, మేమూ వస్తాం" అన్నాడు. డ్రమ్ములవాళ్లంతా నాతో నడిచారు. విక్టర్ తల దించుకుని నిలబడ్డాడు. మోనిక్ రాలేదు. ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. మాట్లాడమని నేనూ అడగను.

ఆర్లీన్ గారు ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. మాత్రలు మొదలుపెట్టాను, కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుందట. మంచె కార్లాది. నేను సీజన్ అయ్యేదాకా పౌలీన్ అత్త దగ్గర ఉల్లిపాయలు తరగాలి. "కత్తి దీని చేతికి ఇవ్వకండ్రోయ్" అంటూ ఆమే మళ్లీ ఇస్తుంది, పక్కనే కాపలా నిలబడి.

ఇక నిన్నటి సంగతి.

డ్వేన్ వచ్చాడు. గిన్నెలన్నీ తోమాడు. పై వరస పళ్లలో రెండు కొంచెం తెల్లగా ఉన్నాయి, కట్టించినవి. సాయంత్రం పోటీ చూడ్డానికి స్టాండ్‌లో నాకు ఒక పక్క పౌలీన్ అత్త, ఇంకో పక్క అతను కూర్చున్నారు. మనవాళ్లు మైదానంలోకి వస్తుండగా, "లెన్ ఎలా ఉన్నాడు?" అని అడిగాడు. బాగున్నాడన్నాను. "నేను గీత తప్పి అతని ఆఖరి సెమీఫైనల్ పాడుచేశాను. ఎప్పుడూ మాట్లాడే ధైర్యం రాలేదు. సారీ చెప్పానని చెప్పు" అన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఇప్పటికీ పెరట్లో అప్పుడప్పుడు అడుగులు కొలుచుకుంటా. ఎక్కడ తప్పానో దొరకదు" అని నవ్వాడు. నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. నేను చచ్చిపోతే బాగుండుననిపించింది.

కత్తెర వస్తోంది. కార్లా చేతులకేసి చూస్తున్నాను. నోట్లో రాగి రుచి.

మళ్లీ తెలివి వచ్చేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. కత్తులన్నీ అమ్మాయిల చేతుల్లో ఉన్నాయి. డ్రమ్ములు అవతలికి దాటిపోయాయి. ఆ పూట నేను మంచె మీద ఉండాల్సినదాన్ని. నువ్వు రాయకపోతే ఉండేదాన్ని.

పౌలీన్ అత్త నన్ను ఒళ్లోకి లాక్కుని వీపు రాస్తోంది. డ్వేన్ నా మొహంకేసే చూస్తున్నాడు. అతని మొహంలో రక్తం లేదు.

"ఈ చూపు నాకు తెలుసు" అన్నాడు. "వెనక్కి నడుస్తూ ఉన్నాను కదా, మీ అన్న నా మీదికి వస్తుంటే ఎదురుగా చూసింది నేనొక్కణ్ణే. ఆ రోజు లెన్ కళ్లు ఇట్లాగే ఉన్నాయి. ఇన్నాళ్లూ నన్ను కోపంగా చూస్తున్నాడనుకున్నా."

అది నా నోటితో చెప్పాల్సిన మాట కాదు. అతను కాసేపు చూసి, "సరే, అతన్నే రాయమను" అన్నాడు. తర్వాత వెళ్లి మిగిలిన గిన్నెలు బండిలోకి ఎక్కించాడు.

డ్వేన్ అడ్రసు వెనక పేజీలో ఉంది.

రెనీ


స్టీవెన్స్ పాయింట్, విస్కాన్సిన్
ఆగస్టు 6

డ్వేన్,

నువ్వు నీ చుక్క మీదే ఉన్నావు. ఎనిమిదికి ఎనిమిది అడుగులూ సరిగ్గా వేశావు. గీత దాటి రెండడుగులు నీ మీదికి వచ్చింది నేను. విక్టర్ అడిగినప్పుడు నాకు ఆ సంగతి తెలుసు, తెలిసే తప్పు నీ మీదికి పోనిచ్చాను.

ఇదే మాట ఆర్లీన్ గారికీ, విక్టర్‌కూ రాశాను. ఫైనల్స్ రోజు జట్టు అందరి ముందూ చదవమన్నాను. మా అమ్మకు నిన్న చెప్పాను. ఆమె ఇంకా నాతో మాట్లాడడం లేదు. నాకు ఎందుకు ఇలా అయిందో కూడా నీకు రాస్తాను, కానీ ఈ ఉత్తరంలో కాదు. ఇందులో రాస్తే అది సాకులా ఉంటుంది.

నీ జవాబంటే నాకు భయంగా ఉంది. రాయకపోతే ఇంకా భయం. అదేమైనా సరే, నువ్వు మాత్రం పెరట్లో ఇక అడుగులు కొలవొద్దు. అక్కడ తప్పేమీ లేదు.

లెనర్డ్ కుబియాక్